సీలు మార్చినా నూనె కారుతుంటే చూడవలసింది పైపును

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం విజయవాడ గవర్నరుపేటలో కావడం వల్ల రోజూ రానూ పోనూ డెబ్బై కిలోమీటర్ల దాకా బండి మీదే తిరుగుతాను. కిందటి సంవత్సరం సింగ్‌నగర్‌లో ఒకరి దగ్గర 2009 మోడల్ 150 సీసీ బండిని సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఇంజను బాగుంది. కానీ ముందు షాకబ్జర్లలో డిస్కు ఉన్న వైపు నూనె కారుతోంది. ఆరు నెలల్లో రెండుసార్లు సీళ్లు మార్పించాను; రెండుసార్లూ నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ముందు బ్రేకు వేస్తే హ్యాండిల్ దగ్గర ‘టక్’మని శబ్దం వస్తుంది. అరవై దాటితే ముందు భాగం ఊగుతుంది. ఒక మెకానిక్కు చిక్కటి నూనె పోస్తే సర్దుకుంటుందని పోశాడు. అప్పటి నుంచి మణికట్లు నొప్పి పుడుతున్నాయి. ఇంకొకాయన ముందు సెట్టు మొత్తం మార్చాలంటున్నారు. సాయంత్రాలు మా అబ్బాయి కూడా ఇదే బండి నడుపుతాడు. ఏం చేయమంటారు? అమ్మేయమంటారా?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు నా దృష్టి పడిన మాట ‘డిస్కు ఉన్న వైపు’ అన్నది. మిగిలినవాటిని తీరిగ్గా విచారించుకోవచ్చు గానీ ఇది ఆగేది కాదు. సీలు దాటి వచ్చిన నూనె షాకబ్జరు కింది భాగం వెంట జారి, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపరు మీదికి, అక్కడి నుంచి డిస్కు మీదికి, బ్రేకు ప్యాడ్ల మీదికి చేరుతుంది. నూనె తాగిన ప్యాడ్లు డిస్కును పట్టవు. మామూలు రోజున బండి కాస్త ఆలస్యంగా ఆగుతున్నట్టు మాత్రమే అనిపిస్తుంది. కాజ టోల్‌గేటు దగ్గర ముందున్న లారీ ఉన్నట్టుండి నిలిచిపోయిన రోజున ఆ ఆలస్యం ఎంతో తెలిసివస్తుంది. కాబట్టి పని పూర్తయ్యేదాకా దయచేసి హైవే ఎక్కవద్దు, అబ్బాయి చేతికి బండి ఇవ్వవద్దు. గుంటూరు నుంచి విజయవాడకు బస్సులకూ రైళ్లకూ కొదవ లేదు. డిస్కును బ్రేక్ క్లీనరుతో శుభ్రంగా తుడిపించండి. ప్యాడ్లు తడిసి నల్లగా మెరుస్తుంటే వాటిని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడాలని చూడకుండా మార్చేయండి. అయితే ఆ కొత్త ప్యాడ్లను నూనె కారడం ఆగిన తరువాతనే వేయించండి, లేకపోతే అవీ వారం రోజుల్లో పాడవుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. కారడం, శబ్దం, ఊగడం, చేతుల నొప్పి అని మీరు నాలుగు బాధలు రాశారు. నాలుగూ బండి ముందు భాగంలోనే ఉన్నాయి కాబట్టి అన్నిటికీ మూలం ఒకటేనని అనుకోవడం సహజం. ఒకాయన నూనె మార్చి, ఇంకొకాయన సెట్టంతా మార్చి వాటిని ఒక్క దెబ్బతో పోగొట్టాలని చూడటానికీ కారణం అదే. నా అంచనాలో ఇక్కడ కనీసం మూడు వేర్వేరు లోపాలు ఉన్నాయి. నూనె కారడానికి కారణం పైపులో ఉంది. టక్ శబ్దం చాలావరకు కోన్ సెట్టుది, అంటే హ్యాండిల్ తిరగడానికి ఫ్రేము మెడలో ఉండే గిన్నెలూ గోళీలది. చేతుల నొప్పి ఆ చిక్కటి నూనె తెచ్చిపెట్టినది. వీటిని విడివిడిగా పరీక్షించకుండా ఏ సామానూ కొనవద్దని మొదటే చెబుతున్నాను, ఎందుకంటే ఈ పరీక్షల్లో చాలావాటికి ఖర్చేమీ ఉండదు.

ముందు షాకబ్జరు ఎలా పని చేస్తుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. పైనుంచి వచ్చే మెరుపు పైపు, హ్యాండిల్ కింద ఉండే ‘టీ’ అనే ఇనుప పట్టుకు బిగించి ఉంటుంది. దాని మీద కింది గొట్టం, అంటే మన షాపుల్లో ‘బాటమ్’ అనేది, చక్రంతో పాటు పైకీ కిందికీ జారుతుంది. లోపలి స్ప్రింగు బరువును మోస్తుంది. కానీ స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంత దాటిన బండి బంతిలా ఎగురుతూనే ఉంటుంది. ఆ ఎగరడాన్ని అణిచేది నూనె. డాంపర్ రాడ్డుకు ఉన్న సన్నని రంధ్రాల గుండా, సిరంజిలోంచి మందు పోయినట్టు, నూనె ఒత్తుకుంటూ పోవాలి. ఆ ఒత్తుకుపోవడంలోనే కుదుపు శక్తి కరిగిపోతుంది. నూనెకు పైన కొంత గాలి ఉంటుంది. ఆ గాలి కూడా ఒక చిన్న స్ప్రింగులా పని చేస్తుంది. పైపుకూ బాటమ్‌కూ మధ్య ఉన్న సందును మూసేది సీలు. దాని పెదవి గోరంత మందం కూడా ఉండదు, ఆ మెత్తటి రబ్బరు అంచు పైపు మీద రోజుకు వేలసార్లు రాసుకుంటుంది. అందుకే పైపు అద్దంలా ఉన్నంతకాలం సీలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. పైపు చెడితే ఎంత మంచి కంపెనీ సీలైనా నెల దాటదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట నా దగ్గరున్న పాత బండికి ఒకే వానాకాలంలో మూడు జతల సీళ్లు మార్పించాను. మూడోసారి కూడా కారేసరికి, పైపులు విప్పదీసి సంచిలో వేసుకొని ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు తీసుకువెళ్లాను. అక్కడి పెద్దాయన కొలతలు తీసే పరికరం ముట్టుకోకముందే, బల్ల సొరుగులోంచి చిటికెడు దూది తీసి, పింజలా విదిల్చి, పైపు మీద పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చారు. జానెడు దూరం జారిన దూది ఒకచోట చిన్నగా తట్టుకుంది. చెయ్యి తీసేస్తే రెండు మూడు పోగులు అక్కడే అంటుకొని నిలబడ్డాయి. నేను అంతకుముందు ఎన్నోసార్లు తుడిచిన పైపే అది. ఆ చోట ఆవగింజలో సగం కూడా లేని నల్లచుక్క ఉంది. దాని మీద గోరు పెట్టి చూడమన్నారు, గోరు ఆగింది. ‘ఇది ఆకురాయి, మీ సీలు మీద రోజంతా నడుస్తోంది’ అన్నారు ఆయన. మూడు జతల సీళ్ల డబ్బూ, మూడుసార్ల కూలీ ఆ చుక్క దగ్గరే పోయాయి.

మీరు కూడా ఇదే చేయండి. బండిని ఉదయపు ఎండలో నిలబెట్టి, బాటమ్ పై అంచున దుమ్మును ఆపే డస్ట్ సీలును మెల్లగా పైకి జరిపి, పైపును శుభ్రమైన బట్టతో తుడవండి. వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తూ, ముందు దూదితో, తరువాత గోరుతో చుట్టూ తడమండి. పైపు వెనుక వైపును, అంటే ఇంజను వైపును మరిచిపోవద్దు. చూపు అటు పోదు కాబట్టి తుప్పు అక్కడ ముదిరిపోతుంది. పైపులో ఏ భాగం సీలు గుండా పోతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. డస్ట్ సీలుకు సరిగ్గా పైన పైపు చుట్టూ ఒక సన్నని ప్లాస్టిక్ టై కట్టి, మీ వీధిలోనే నెమ్మదిగా రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు దాటి రండి. బాటమ్ పైకి వచ్చినప్పుడల్లా ఆ టైను నెట్టుకుంటూ పోతుంది, దిగేటప్పుడు దాన్ని అక్కడే వదిలేస్తుంది. టై ఆగిన చోటు నుంచి కిందికి ఉన్నదంతా సీలు నడిచే దారి. దానికి బాగా పైన, టీకి దగ్గరలో ఉన్న తుప్పు చూడటానికి బాగుండదు గానీ నూనె కారడానికి కారణం కాదు. ఆ దారిలో ఉన్న చుక్క మాత్రం ఒక్కటైనా కారణమే.

ఒకే చిన్న చుక్క ఉంటే, అంచు లేచి ఉన్నంత మేర బాగా సన్నని నీటి ఎమెరీ కాగితంతో అణచి, గుంటను ఎపాక్సీతో నింపి, ఆరాక నునుపు చేసి కొంతకాలం నడిపించవచ్చు. రుద్దేటప్పుడు పైపు చుట్టూ తిప్పుతూ రుద్దాలి. పొడవునా రుద్దితే ఆ గీతలే నూనెకు కాలువలవుతాయి. చుక్కలు గుంపుగా ఉంటే ఈ మరమ్మతు దండగ. కొత్త పైపులు వేయించడమో, పాతవాటిని గ్రైండింగ్ చేయించి హార్డ్ క్రోమ్ పోయించడమో చేయాలి. హార్డ్ క్రోమ్ అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే సైలెన్సర్లకూ హ్యాండిళ్లకూ మెరుపు కోసం వేసే పలచటి పూత ఈ రాపిడికి పొరలుగా లేస్తుంది, లేచిన ఆ పొర సీలును కోసేస్తుంది. పైగా పూత వేశాక పైపు బయటి వ్యాసం మళ్లీ అసలు కొలతకు రావాలి. ఈ పని ఖచ్చితంగా చేసే షాపు దొరక్కపోతే కొత్త పైపులే మేలు. రెండూ ఒకేసారి మార్చండి.

పైపు నునుపుగానే ఉండి నూనె కారుతుంటే వంపు ఉందేమో చూడాలి. బండి పాతది, మొదటి యజమాని చేతిలో ఎప్పుడు పడిందో మనకు తెలియదు. విప్పిన పైపును మందపాటి అద్దం పలక మీద దొర్లిస్తే, వంపు ఉన్న పైపు కింద వెలుతురు సందు వస్తూ పోతూ ఉంటుంది. కంటికి ఇంతే తెలుస్తుంది. నిజమైన కొలత లేత్ షాపులో వీ ఆకారపు దిమ్మెల మీద పెట్టి, సన్నటి తేడానూ చూపే డయల్ గేజితో తీయించాలి. 0.2 మిల్లీమీటరు దాటితే పైపును వాడవద్దని కొన్ని కంపెనీల సర్వీసు మాన్యువళ్లు చెబుతాయి. మీ బండికి మాన్యువల్ ఇచ్చిన పరిమితినే పాటించండి. కొద్దిపాటి వంపును ప్రెస్సులో పెట్టి సరిచేయగలరు గానీ, వంగిన చోట ముడత పడినా, క్రోమ్ పగిలినా ఆ పైపును పక్కన పడేయవలసిందే. ముడత పడిన లోహం మళ్లీ అదే చోట లొంగుతుంది.

ఇదే ఇబ్బందితో ఉన్న ఇతర పాఠకుల కోసం ఒక మాట. సీలు పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా నూనె కారుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, చివర చిన్న కొక్కెంలా చేసి, డస్ట్ సీలు ఎత్తి సీలుకూ పైపుకూ మధ్య నెమ్మదిగా తిప్పితే ఆ మట్టి బయటికి వస్తుంది, కారడం అంతటితో ఆగవచ్చు. కొత్త సీళ్లు వరుసగా రెండుసార్లు చెడిన మీ బండిలో దీనికి అవకాశం తక్కువే అయినా, పది నిమిషాల పని కాబట్టి ప్రయత్నించడంలో నష్టం లేదు.

సింగ్‌నగర్ పేరు చూశాక నాకు ఇంకొక అనుమానం కూడా వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఇళ్ల ముందు నిలబెట్టిన బళ్లెన్నో మునిగిపోయాయి. మీకు అమ్మినవారు ఏదో దాచారని నేను అనడం లేదు. మునిగిన బండికి అందరూ ఇంజను ఆయిలు మార్పిస్తారు, కార్బురేటరు కడిగిస్తారు, బండి స్టార్టు కాగానే గండం గడిచిందనుకుంటారు; ముందు షాకబ్జర్లలోనూ కోన్ సెట్టులోనూ నీళ్లు చేరి ఉంటాయని ఎవరికీ తోచదు. సీటూ ట్యాంకూ విప్పించి, ఫ్రేము మడతల్లోనూ హెడ్‌లైటు గిన్నె లోపలా ఆరిపోయిన ఒండ్రు ఉందేమో చూడండి. షాకబ్జరు నూనెను పారబోసేటప్పుడు తప్పకుండా తెల్లటి పాత్రలోకి దించమనండి. నల్లగా వస్తే పాతబడిందని అర్థం. పాలెక్కువైన టీ రంగులో, నురగ కలిసినట్టు వస్తే లోపల నీళ్లున్నాయని అర్థం. అలాంటప్పుడు పైపు లోపలి వైపు, స్ప్రింగు, డాంపర్ రాడ్డు అన్నీ విప్పి కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే కొత్త నూనె పోయాలి. కేవలం నూనె మార్చడంతో ఆ తుప్పు పోదు.

ఇప్పుడు ‘టక్’ శబ్దం. బండిని మెయిన్ స్టాండు వేసి, ఒకరు వెనుక సీటును కిందికి నొక్కి పట్టుకుంటే ముందు చక్రం నేల విడుస్తుంది. మీరు బండికి ఎదురుగా కూర్చొని, రెండు బాటమ్‌లనూ కింద, యాక్సిల్ దగ్గర పట్టుకొని ముందుకూ వెనక్కూ లాగండి. హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర ఎడమ చేతి వేలు ఆనించి ఉంచితే కదలిక ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. అక్కడ ఆడుతుంటే కోన్ సెట్టు వదులైంది. మెడ గట్టిగా ఉండి, బాటమ్ మాత్రం పైపు మీద ముందుకూ వెనక్కూ ఆడుతుంటే పైపూ బాటమ్ లోపలి గోడా అరిగాయి. ఆ ఆట ఎక్కువైతే కొత్త సీలు కూడా ఒకవైపే ఒత్తిడి పడి కారుతుంది కాబట్టి బాటమ్ కూడా మార్చవలసి రావచ్చు. తరువాత చక్రం గాలిలో ఉండగానే హ్యాండిల్‌ను ఒక వేలితో అతి నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గుంటలో పడినట్టు ఆగుతుంటే, గోళీలు గిన్నెల్లో గుంటలు చేశాయని తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి తిన్నగా నడిచే బండిలో గోళీలు ఎప్పుడూ ఒకే చోట దెబ్బ తింటాయి కనుక గుంట మధ్యలోనే పడుతుంది. అప్పుడు నట్టు బిగించి లాభం లేదు. బిగిస్తే శబ్దం పోతుంది గానీ, బండి తనంతట తాను తిన్నగా పోవడం మానేసి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. కోన్ సెట్టు మొత్తం, పైగిన్నె, కిందిగిన్నె, గోళీలతో సహా మార్చాలి. పాత గిన్నెల మీద కొత్త గోళీలు వేయనివ్వవద్దు.

కోన్ సెట్టు బాగానే ఉందని తేలితే క్యాలిపరును చూడండి. వీధిలో నెమ్మదిగా పోతూ, గతుకు వచ్చినప్పుడు ముందు బ్రేకును కొద్దిగా, తాకీ తాకనట్టు పట్టి ఉంచండి. బ్రేకు పట్టగానే శబ్దం మాయమైతే ఆడుతున్నవి ప్యాడ్లు లేదా క్యాలిపరు పిన్నులు. మడ్‌గార్డు బోల్టులు కూడా ఒకసారి బిగించి చూడండి. సెట్టు మొత్తం మార్చాలన్న సలహా వెనుక ఒక్క వదులు బోల్టు ఉన్న సందర్భాలు నేను చూశాను.

అరవై దాటితే ఊగడానికి కోన్ సెట్టు ఒక కారణమే గానీ ఒకే కారణం కాదు. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పైన గాడులు ఎంత లోతుగా ఉన్నా, పక్కల పగుళ్లు వచ్చిన టైరు హైవేకు పనికిరాదు. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందు టైరుకు ఈ తరగతి బళ్లలో సాధారణంగా 25 పీఎస్ఐ చెబుతారు. మీ బండి చైన్ గార్డు మీదా మాన్యువల్‌లోనూ ఉన్న అంకెను పాటించండి. మధ్యాహ్నం మండుటెండలో మంగళగిరి దగ్గర కొట్టించిన గాలి మరునాటి ఉదయానికి తక్కువ చూపిస్తుంది. చక్రాన్ని తిప్పి, రిమ్ము పక్కకు ఊగుతోందేమో చూడండి. చివరగా వెనుక చక్రాన్ని పట్టుకొని అడ్డంగా ఊపండి. వెనుక చక్రాన్ని ఫ్రేముకు కలిపే స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగితే ఆ ఊపు హ్యాండిల్‌లోనే తెలుస్తుంది. ముందు భాగానికి ఎంత ఖర్చుపెట్టినా అది తగ్గదు. బండి ఊగడం మొదలైతే హ్యాండిల్‌ను బిగపట్టవద్దు, బ్రేకు గట్టిగా తొక్కవద్దు. యాక్సిలరేటరు మెల్లగా వదిలి వేగాన్ని దానంతట తగ్గనివ్వండి. ఈ మాట అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

చిక్కటి నూనె గురించి కాస్త కఠినంగానే రాస్తున్నాను. నూనె కారుతోందని ఇంజను ఆయిలో, గేరు ఆయిలో పోయడం మన దగ్గర మామూలైపోయింది. చిక్కగా ఉంటే సీలు దాటి రాదని ఊహ. కానీ దెబ్బతిన్న సీలు చిక్కటి నూనెనూ ఆపదు, కాస్త ఆలస్యంగా వదులుతుంది, అంతే. ఈలోగా ఆ నూనె సన్నని రంధ్రాల్లోంచి సమయానికి పోలేక, గతుకు దెబ్బ మెత్తబడకుండానే నేరుగా మీ మణికట్లకు చేరుతుంది. వరుసగా గతుకులు వచ్చినప్పుడు ఇంకా ప్రమాదం: ఒకసారి కుంగిన షాకబ్జరు పూర్తిగా లేచేలోపు రెండో గతుకు, అదీ లేచేలోపు మూడోది. మూడు నాలుగు గతుకులకు అది అడుగంటా కుంగిపోయి, టైరు నేలను సరిగా పట్టుకోవడం మానేస్తుంది. మా గుంటూరు ఎండకు పలచటి నూనె నీళ్లవుతుందని వాదించేవాళ్లున్నారు. వేడికి నూనె కొంత పలచబడే మాట నిజమే, అందుకే ముందు షాకబ్జర్ల కోసం ఫోర్కు ఆయిలు అని విడిగా తయారు చేస్తారు. మీ బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడునే, సీలు తెరవని డబ్బాను మీ కళ్ల ముందు తెరిపించి పోయించండి. స్ప్రింగు మీద వాషర్లో, నాణేలో పేర్చి ఎత్తు పెంచే పద్ధతిని కూడా ఒప్పుకోవద్దు. దానితో బండి ముందు భాగం కాస్త లేస్తుంది గానీ స్ప్రింగు బలం పెరగదు. స్ప్రింగును విప్పి పొడవు కొలిచి, మాన్యువల్ పరిమితి కంటే తగ్గి ఉంటే జతగా మార్చడమే పద్ధతి.

సీళ్లు మూడోసారి వేయించేటప్పుడు దగ్గరుండండి. మంచి మెకానిక్కు దీనికి నొచ్చుకోడు. పై మూతను విప్పేటప్పుడు ముఖం దాని మీదికి వంచవద్దు. కింద స్ప్రింగు ఒత్తిడి మీద ఉంటుంది, చివరి చుట్టు విప్పగానే మూత ఎగిరి కంటికి తగలవచ్చు. బాటమ్ అడుగున ఉన్న అలెన్ బోల్టును స్ప్రింగు లోపల ఉండగానే వదులు చేయాలి, లేకపోతే డాంపర్ రాడ్డు దానితో పాటు తిరుగుతూ పని గంటలకొద్దీ సాగుతుంది. ఆ బోల్టు కింద ఉండే రాగి వాషరు కొత్తది వేయాలి. అక్కడ కారిన నూనెకు కూడా సీలునే తిట్టడం నేను చూశాను. స్ప్రింగులో చుట్లు దగ్గరగా ఉన్న చివర ఏ వైపు ఉందో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి. పాత సీలును స్క్రూ డ్రైవరుతో పెకలించేటప్పుడు బాటమ్ లోపలి గోడ మీద గీత పడకూడదు. ఒక్క గీత చాలు, కొత్త సీలు బయటి వైపు నుంచి కారడానికి. మీ బండిలో రెండుసార్లు ఈ పని జరిగింది కాబట్టి ఆ గోడను టార్చి వేసి చూడండి. కొత్త సీలు ఎక్కించేముందు పైపు చివరకు పలచటి పాలిథీన్ సంచి ముక్క తొడిగి, దాని మీద ఫోర్కు ఆయిలు రాసి, సీలును జార్చాలి. పైపు పదునైన అంచు పెదవిని కోయకుండా అదే కాపాడుతుంది. సీలును లోపలికి దించడానికి అసలు పనిముట్టు లేకపోతే, సరిపోయే పీవీసీ గొట్టం ముక్కతో చుట్టూ సమంగా తట్టవచ్చు. ఉలీ సుత్తీ పెట్టి ఒక్కో పక్క కొట్టడం మొదలుపెడితే అక్కడే ఆపించండి.

నూనె కొలత విషయంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. పూర్తిగా విప్పి కడిగి ఆరబెట్టిన షాకబ్జరుకు పట్టే నూనె, కేవలం పారబోసి నింపేటప్పుడు పట్టేదానికంటే ఎక్కువ, ఎందుకంటే పారబోసినప్పుడు లోపలి గోడలకు కొంత అంటుకొని ఉండిపోతుంది. మాన్యువళ్లు ఈ రెంటినీ విడివిడిగా చెబుతాయి. రెండోది, కారిపోతుంది కదా అని నాలుగు చుక్కలు ఎక్కువ పోయడం. నూనె పెరిగితే పైన గాలికి చోటు తగ్గుతుంది. పెద్ద గుంతలో ఆ గాలి విపరీతంగా నొక్కుకుపోయి సీలునే బయటికి నెట్టేస్తుంది. మీ రెండో జత సీళ్లు ఇలా పోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. కొలిచి పోశాక పైపును ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి గాలిబుడగలు పోనిచ్చి, స్ప్రింగు లేకుండా పూర్తిగా కుంగదీసి, పై అంచు నుంచి నూనె మట్టం ఎంత లోతులో ఉందో స్కేలుతో చూడాలి. రెండు వైపులా ఆ లోతు సమానంగా ఉండాలి.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టును చివరి బిగింపు వేయకముందు, బండిని స్టాండు దించి, ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కి వదలాలి. అప్పుడు రెండు షాకబ్జర్లూ వాటంతటవి సమాంతరంగా సర్దుకుంటాయి. ఈ చిన్న పని చేయకుండా బిగించేస్తే పైపులు ఒకదానినొకటి లాగుతూ, షాకబ్జరు మధ్యలో పట్టేసినట్టు కదులుతుంది.

అమ్మేయాలా అని అడిగారు. పైపులు, సీళ్లు, కోన్ సెట్టు, ఫోర్కు ఆయిలు, ప్యాడ్లు. ఇంతకు మించి మీ బండికి అవసరం పడకపోవచ్చు. ఇంజను బాగున్న బండిని వీటి కోసం వదులుకోవద్దన్నదే నా అభిప్రాయం. ఇప్పుడున్న స్థితిలో అమ్మితే ఈ ప్రమాదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టినవారవుతారు, ధరా రాదు. పాత సామాను షాపుల్లో దొరికే సెకండ్‌హ్యాండ్ సెట్టు మాత్రం కొనవద్దు. గుద్దుకున్న బండి నుంచి తీసిన సెట్టుకు పైన రంగు వేస్తే వంపు కంటికి కనిపించదు. బాటమ్‌లో ఆట ఎక్కువుందని పరీక్షలో తేలితే అప్పుడు రెండో మెకానిక్కు చెప్పినట్టు కొత్త సెట్టు వేయించడమే సరైనది. ఒక్క లెక్క మాత్రం ముందే వేసుకోండి. 2009 బండికి మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషను 2024లో ముగిసింది. ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ అయి ఉందో లేదో, మీ పేరుకు మారిందో లేదో ఈ ఖర్చుకు ముందే చూసుకోవాలి. రెన్యువల్‌కు ఎలాగూ బండిని తనిఖీకి చూపించాలి, బ్రేకూ స్టీరింగూ అక్కడ చూస్తారు.

పని అయ్యాక మొదటి వారం గుంటూరు వీధులకే పరిమితం కండి. ప్రతి రాత్రి ఇంటికి వచ్చాక డిస్కు వైపు పైపును తెల్లటి బట్టతో ఒకసారి చుట్టి తుడవండి. మొదటి రెండు మూడు రోజులు సీలుకు రాసిన నూనె సన్నని గీతలా కనబడటం మామూలే. నాలుగో రోజు కూడా బట్ట తడిస్తే వెంటనే షాపుకు తీసుకువెళ్లండి. కొత్త కోన్ సెట్టు గిన్నెలు ఫ్రేములో కూర్చోవడానికి కొంత నడవాలి కాబట్టి, మూడు నాలుగు వందల కిలోమీటర్ల తరువాత చక్రం లేపి మెడ దగ్గర వేలు ఆనించి మళ్లీ ఆ పరీక్ష చేయండి. కొద్దిగా ఆడితే నట్టును ఒక పిసరు బిగించమనండి. చక్రం గాలిలో ఉన్నప్పుడు వేలితో చిన్నగా తోస్తే హ్యాండిల్ తన బరువుతో తానే చివరిదాకా వాలిపోవాలి, అంతకంటే బిగుతు వద్దు.